వాడిన కార్వెట్ కొనాలంటే ఏ తరం బండి మేలు?

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో ఒక ఎస్‌యూవీ ఉంది. మా ఆవిడకి, పాపకి, గుడికి, సరుకులకి అది చాలు. అమెరికా వచ్చిన కొత్తలో హైవే మీద ఒక కార్వెట్, అదే షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు, మమ్మల్ని దాటి వెళ్లింది. ఎప్పటికైనా అలాంటిది కొనాలని అప్పటినుంచీ కోరిక. ఇప్పుడు 35 వేల డాలర్ల దాకా పెట్టగలను. ఐదు ప్రకటనలు చూసి పెట్టుకున్నాను. 1978ది 16 వేలు. 1994ది 11 వేలు. 2003 జెడ్06 (కార్వెట్‌లోనే ఎక్కువ బలమున్న రకం) 24 వేలు, దాని ప్రకటనలో ‘క్యామ్ మార్చాం, ట్యూన్ చేశాం’ అని ఉంది. 58 వేల మైళ్లు తిరిగిన 2009 ఆటోమేటిక్ కూపే 29 వేలు. 2015 ఆటోమేటిక్ 36 వేలు. వేసవిలో అమ్మానాన్న వస్తున్నారు. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాలని ఉంది. ఏది కొనమంటారు? రేపు ఇండియా వెళ్లిపోతే వెంట తీసుకెళ్లొచ్చా?
— ఇర్వింగ్ పాఠకుడు

సమాధానం: మీ ఐదింటిలో 2009 కూపే కొనండి. అదీ కింద చెప్పిన పరీక్షలన్నీ చేయించి, అవి పాసైతేనే. కాకపోతే అలాంటిదే ఇంకో 2008–2013 బండి వెతకండి. తొందరేం లేదు, ఆ ఏళ్ల కార్వెట్లు టెక్సస్‌లో బాగానే దొరుకుతాయి.

మీ ఐదు ప్రకటనలూ ఐదు వేర్వేరు తరాల బండ్లవి. పేరు ఒకటే అయినా ఇంజిన్, గేర్‌బాక్స్, చట్రం అన్నీ మారిపోయాయి కాబట్టి ధరలు పక్కపక్కన పెట్టి పోల్చితే తేలదు. ఏ తరంలో ఏం మారిందో తెలిస్తే ఏ బండి ఎక్కడ ఖర్చు పెట్టిస్తుందో తెలుస్తుంది.

కార్వెట్ మొదట జనం ముందుకొచ్చింది 1953 జనవరిలో, న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో, షెవర్లే కార్లు చేసే జనరల్ మోటార్స్ (జీఎం) పెట్టిన ప్రదర్శనలో. ఆ ఏడాది మిషిగన్‌లోని ఫ్లింట్‌లో 300 బండ్లు తయారుచేశారు. అన్నీ తెల్లవి, లోపల ఎర్ర సీట్లు. చూడ్డానికి స్పోర్ట్స్ కారే గానీ ఇంజిన్ 150 హార్స్‌పవర్ ఆరు సిలిండర్లది, గేర్లు రెండే, అవీ ఆటోమేటిక్. దాన్ని నిజమైన స్పోర్ట్స్ కారుగా మలచడంలో పెద్ద చెయ్యి జోరా ఆర్కస్-డంటోవ్ అనే ఇంజినీరుది. ఆయన ఆ ప్రదర్శనలోనే కారును చూసి ముచ్చటపడి, అదే ఏడాది జీఎంలో చేరారు. 1955లో వీ8 ఇంజిన్ వచ్చింది. 1963లో రెండో తరం వచ్చింది. వెనక అద్దం రెండు ముక్కలుగా ఉండే ఆ ఒక్క ఏడాది కూపే కోసం కలెక్టర్లు ఇప్పటికీ పోటీపడతారు. మంచి స్థితిలో ఉన్న ఆ తొలి రెండు తరాల బండ్లు మీ బడ్జెట్‌కి అందవు, రోజూ తిప్పుకోవడానికి పనికీ రావు. వాటిని వదిలేద్దాం.

ఇక మీ 1978 బండి. ఇది 1968లో మొదలైన మూడో తరం. నడుము సన్నగా, చక్రాల దగ్గర ఉబ్బెత్తుగా ఉండే ఆ ఆకారం ఎవరినైనా ఆపి చూపిస్తుంది. కానీ అప్పటికే కాలుష్య నిబంధనలు ఇంజిన్ల బలాన్ని పీల్చేశాయి. 1975లో మామూలు కార్వెట్ ఇంజిన్ 165 హార్స్‌పవర్‌కి పడిపోయింది, 1978లో 185. మీ ఎస్‌యూవీ ఇంజిన్ అంతకంటే బలంగా ఉన్నా ఆశ్చర్యం లేదు. కార్బురేటర్ బండి కాబట్టి దాన్ని తరచూ సరిచేసుకుంటూ ఉండాలి. ముందు లైట్లు పైకి లేచేది ఇంజిన్ వ్యాక్యూమ్‌తో, గొట్టం ఎక్కడ లీకైనా అవి సగంలో ఆగుతాయి.

అసలు భయం తుప్పు. కార్వెట్ ఒళ్లు ఫైబర్‌గ్లాస్, దానికి తుప్పు పట్టదని అమ్మేవాళ్లు చెప్తారు. ఒళ్లు వరకూ అది నిజమే. కానీ దాని కిందున్న చట్రం ఉక్కుది, ముందు అద్దం చుట్టూ, తలుపుల దగ్గరా ఉండే పంజరమూ ఉక్కుదే. దాన్ని బర్డ్‌కేజ్ అంటారు. అద్దం అంచు నుంచి నీళ్లు దిగి ఆ పంజరాన్ని తుప్పు లోపల్లోపలే తినేస్తుంది. బాగు చేయాలంటే బండిని దాదాపు విప్పేయాలి. మెరిసే పెయింట్ వెనక అది కనపడదు. షెడ్డులో శనాదివారాలు పనిముట్లతో గడపడం మీకు ఇష్టమైతే 1978 మంచి బండే. మీరు నడపాలనుకుంటున్నారు, అందుకే వద్దంటున్నాను.

1983లో కార్వెట్ అమ్మకానికే రాలేదు. నాలుగో తరం సిద్ధం కావడం ఆలస్యమైంది, ప్రయోగానికి కట్టిన 43 బండ్లలో ఒక్కటే మిగిలింది. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ కార్వెట్ మ్యూజియంలో దాన్ని చూడొచ్చు. కార్వెట్ ఫ్యాక్టరీ 1981 నుంచి ఉన్నదీ ఆ ఊళ్లోనే. 1984లో వచ్చిన ఆ నాలుగో తరం మొదట్లో 205 హార్స్‌పవర్‌తో నీరసంగా ఉన్నా, 1992లో 300 హార్స్‌పవర్ ఎల్‌టీ1 ఇంజిన్ వచ్చాక తేరుకుంది. మీరు చూసిన 1994 బండిలో ఉన్నది ఆ ఇంజినే. 11 వేలకి అంత బలం అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

దాని బలహీనత పేరు ఆప్టిస్పార్క్. స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని ఈ ఇంజిన్‌లో ముందు వైపు, వాటర్ పంపుకి సరిగ్గా కింద పెట్టారు. పంపు ముసలిదై కారడం మొదలుపెడితే కూలెంట్ చుక్కచుక్కగా దాని మీదే పడుతుంది. మొదట తడి వాతావరణంలో ఇంజిన్ తడబడుతుంది, తర్వాత ఒకరోజు దారిలో ఆగిపోతుంది. భాగం ధర ఒక ఎత్తు, దాన్ని చేరుకోవడానికి విప్పాల్సిన పని ఇంకో ఎత్తు. పైగా ఈ తరానికి తలుపు కింద గడప చాలా ఎత్తు, సీటు చాలా లోతు. మీ నాన్నగారు దిగాలంటే మీరు చెయ్యి పట్టుకోవాల్సిందే.

వాడిన బండి కొనేవాళ్ల దృష్టిలో కార్వెట్ చరిత్ర 1997కి ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఆ ఏడాది వచ్చిన ఐదో తరంలో కొత్త ఇంజిన్ వేశారు, ఎల్ఎస్1. అల్యూమినియం వీ8, 5.7 లీటర్లు, 345 హార్స్‌పవర్. గేర్‌బాక్సును ఇంజిన్ దగ్గర్నుంచి తీసి వెనక చక్రాల దగ్గర పెట్టారు. రెంటినీ కలుపుతూ మధ్యలో టార్క్ ట్యూబ్ అనే పొడవాటి గొట్టం ఉంటుంది. బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పడి, బండి మలుపుల్లో కుదురుగా తిరుగుతుంది. చట్రం కూడా గట్టిపడింది, అందువల్ల గడప ఎత్తు తగ్గించగలిగారు. అన్నిటికన్నా మేలైన సంగతి ఏంటంటే, ఈ ఎల్ఎస్ కుటుంబం ఇంజిన్లనే జీఎం ట్రక్కుల్లోనూ లక్షల్లో వాడింది. ఏ ఊళ్లోనైనా దాని మీద చెయ్యి తిరిగిన మెకానిక్ దొరుకుతాడు, విడిభాగాలూ దొరుకుతాయి.

మరి 2003 జెడ్06 ఎందుకు వద్దంటున్నాను? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితిలో అది 405 హార్స్‌పవర్‌తో అద్భుతమైన బండి. ఇది ఆ స్థితిలో లేదు. క్యామ్ అంటే ఇంజిన్ వాల్వులని తెరిచే కడ్డీ. దాన్ని మార్చినవాడు వాల్వ్ స్ప్రింగులు కూడా మార్చాడా, ఎవరు ట్యూన్ చేశారు, ఆ తర్వాత ఎంతమంది దాన్ని రేసుల్లో నలిపారు అన్నది ప్రకటన చెప్పదు. స్ప్రింగ్ విరిగితే ఇంజిన్ పోతుంది. మీది డాలస్ కౌంటీ, ఇక్కడ 24 ఏళ్ల లోపు పెట్రోల్ బండికి ఎమిషన్స్ టెస్ట్ ఉంది. క్యామ్ మార్చిన బండి అక్కడ ఇబ్బంది పెట్టే అవకాశం ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ తరం చివరి ఏళ్ల ఏబీఎస్ కంట్రోల్ మాడ్యూల్ పాడైతే కొత్తది దొరకడం కష్టం, పాతదాన్నే రిపేరుకి పంపాలి. డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగి ఉన్న ఐదో తరం బండిని ధర తగ్గించారని కొనకండి.

ఆరో తరం 2005లో వచ్చింది. 1962 తర్వాత ముందు లైట్లు దాక్కోకుండా బయట కనిపించిన మొదటి కార్వెట్ అదే, అంటే విరిగే లైటు మోటార్ల గొడవ పోయింది. మొదట 6 లీటర్ల 400 హార్స్‌పవర్ ఎల్ఎస్2 ఇంజిన్ ఉండేది, 2008 నుంచి 6.2 లీటర్ల ఎల్ఎస్3, 430 హార్స్‌పవర్. 2005లో నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఉండేది, 2006 నుంచి ఆరు గేర్లది. 2005, 2006 బండ్ల పై కప్పు పలక జిగురు ఊడుతోందని రీకాల్ కూడా వచ్చింది. అందుకే నేను 2008 తర్వాతవి చూడమంటాను: పెద్ద ఇంజిన్, మంచి గేర్‌బాక్స్, తొలి ఏళ్ల లోపాలు సర్దుకున్న బండి, మూడూ ఒకచోట కలిసింది అక్కడే. హైవే మీద మెల్లగా పోతే గాలన్‌కి 25 మైళ్లు ఇస్తుంది. వెనక డిక్కీలో సూట్‌కేసులు కూడా పడతాయి.

వెతికేటప్పుడు ఇదే ఏళ్ల జెడ్06 కూడా కళ్లబడుతుంది. 7 లీటర్లు, 505 హార్స్‌పవర్, మీ బడ్జెట్‌కి దగ్గర్లోనే. ఆ ఎల్ఎస్7 ఇంజిన్‌లో వాల్వ్ గైడ్లు అరిగిపోయే జబ్బు ఉంది. వాల్వ్ విరిగి సిలిండర్లో పడితే ఇంజిన్ మొత్తం పోయినట్టే. సిలిండర్ హెడ్లు విప్పి సరిచేయించిన రసీదు చేతికిస్తే తప్ప దాని జోలికి వెళ్లకండి.

ఇప్పుడు మీ 2009 బండి దగ్గరికి వద్దాం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని ఫోన్లో చెప్పండి. స్టార్ట్ చేశాక బానెట్ తీసి, ముందు భాగంలో కింద తిరిగే పెద్ద పుల్లీని టార్చ్ వేసి చూడండి. అది హార్మోనిక్ బ్యాలెన్సర్. నిలకడగా తిరగాలి. అటూ ఇటూ ఊగుతుంటే అందులోని రబ్బరు వదులైందని అర్థం, మార్చాలంటే స్టీరింగ్ ర్యాక్‌ని కదిలించాలి కాబట్టి కూలీ బాగా అవుతుంది. అది కొనకూడనంత జబ్బేం కాదు, ధరలో తగ్గించాల్సిన జబ్బు.

తర్వాత బండిని లిఫ్ట్ మీద ఎత్తించి చూడాలి. ఈ బండిని ఎక్కడ పడితే అక్కడ జాకీ పెట్టి లేపకూడదు. చట్రానికి నాలుగు చోట్ల రంధ్రాలుంటాయి, వాటిలో రబ్బరు బిళ్లలు పెట్టి, వాటి మీదే ఎత్తాలి. ఆ సంగతి తెలియని షాపులో గడప కింద ప్యానెల్ పగలగొట్టి ఉంటారు. అక్కడ పగుళ్లుంటే ఆ బండికి పని చేసినవాళ్లకి కార్వెట్ తెలియదని లెక్క. వెనక డిఫరెన్షియల్ పక్కల నూనె తడి ఉందేమో చూడమనండి. టెస్ట్ డ్రైవ్ అరగంటకి తగ్గొద్దు. వేడెక్కాక గేర్లు జర్క్ లేకుండా పడాలి. మెల్లగా వెళ్తూ యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కినప్పుడు సీట్ల మధ్య నుంచి టకటక చప్పుడొస్తే టార్క్ ట్యూబ్‌లోని రబ్బరు కప్లింగులు అరిగాయి, దానికి వెనక భాగం మొత్తం దించాలి.

టైర్ల పక్కన అచ్చేసిన నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం అని. గ్యారేజీలో నిలబెట్టిన కార్వెట్లకి గాడులు నిండుగా ఉండి రబ్బరు మాత్రం రాయిలా గట్టిపడి ఉంటుంది. 430 హార్స్‌పవర్ వెనక చక్రాలకే వెళ్తుంది, వాన పడిన రోజు గట్టి టైర్లతో అది ప్రాణాల మీదికి వస్తుంది. ఆరేళ్లు దాటినవైతే నాలుగింటి ఖర్చూ ధరలోంచి తీసేయండి. స్టెప్నీ ఉండదు, గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు. ఎవరైనా వాటిని తీసి మామూలు టైర్లు వేసి ఉంటే మీరు గాలి పంపు దగ్గర పెట్టుకోవాలి.

ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. ఈ తరం తలుపులకి మామూలు హ్యాండిల్ ఉండదు, లోపల బటన్ నొక్కితే కరెంటుతో తెరుచుకుంటుంది. బ్యాటరీ చచ్చిపోతే ఆ బటన్ పనిచేయదు. 2015లో మన టెక్సస్‌లోనే, పోర్ట్ ఆర్థర్‌లో, 2007 కార్వెట్‌లో ఒక పెద్దాయన, ఆయన కుక్క అలా ఇరుక్కుపోయి ఎండకి చనిపోయారు. సీటు పక్కన నేల మీద, తలుపు వైపు, చిన్న లీవర్ ఉంటుంది. దాన్ని లాగితే కరెంటు లేకపోయినా తలుపు తెరుచుకుంటుంది. బండి చూడ్డానికి వెళ్లినప్పుడే రెండు వైపులా లాగి చూడండి. బయట్నుంచైతే నంబర్ ప్లేటు దగ్గర తాళం కన్నం ఉంటుంది, డిక్కీ తెరిచి లోపలున్న తాడు లాగాలి. ఆ తాళంచెవి రిమోట్‌తో పాటు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. మీ నాన్నగారు బండి ఎక్కిన మొదటి రోజే ఆ లీవర్‌ని ఆయన చేతే లాగించండి.

2015 బండి ఏడో తరం. నిజం చెప్పాలంటే అన్నిటికంటే బాగా తయారైన బండి అదే: అల్యూమినియం చట్రం, 455 హార్స్‌పవర్, ఇంతకు ముందెన్నడూ లేనంత మంచి లోపలి భాగం. నా అభ్యంతరం దాని ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ మీద. మామూలు వేగంలో వెళ్తుంటే రోడ్డు మీద చిన్న గతుకులున్నట్టు వణుకుతుంది. తర్వాత జీఎం వేరే రకం ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ ఇచ్చి, పాతది మొత్తం కడిగి మార్చమంది. ఆ పని చేయించిన రసీదు ఉంటే, ధర 33 వేలకి దిగితే, ఆలోచించండి. అల్లాయ్ వీల్స్‌కి పగుళ్లు వస్తున్నాయన్న ఫిర్యాదులూ ఎక్కువే, నాలుగూ విప్పించి లోపలి అంచు చూడాలి. ఇదే తరం మాన్యువల్ దొరికి, మీకు క్లచ్ తొక్కడం ఇష్టమైతే నా మాట మారుతుంది.

2020 నుంచి ఎనిమిదో తరం. ఇంజిన్ సీట్ల వెనక్కి వెళ్లింది. డంటోవ్ దశాబ్దాల పాటు జీఎంని అడిగింది అదే. ఆయన 1996లో పోయారు, చూడలేకపోయారు. మీ బడ్జెట్‌కి అది అందదు. ఫ్యాక్టరీ నుంచే కుడి వైపు స్టీరింగ్‌తో వచ్చిన తొలి కార్వెట్ కూడా అదే. మీ ఇండియా ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. మన దేశం వాడిన కారుని రానివ్వాలంటే కుడి స్టీరింగ్ ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. 2009 బండి ఈ రెండింటికీ ఆగదు. ఇండియా వెళ్లే రోజు వస్తే ఇక్కడే అమ్మేసి వెళ్లండి.

కాగితాల సంగతి. టైటిల్ (బండి ఎవరిదో చెప్పే కాగితం) మీద అమ్మే మనిషి పేరే ఉండాలి. వేరే పేరుంటే వెనక్కి వచ్చేయండి. ‘రీబిల్ట్ సాల్వేజ్’ (బాగా దెబ్బతిన్నాక మళ్లీ బాగుచేసిన బండి) అని ఉంటే ఎంత చవకైనా వద్దు. వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరుతో రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్స్, ఇన్సూరెన్స్ కంపెనీల సంస్థ ఎన్ఐసీబీ సైట్‌లో దొంగతనం, సాల్వేజ్ రికార్డులు ఉచితంగా చూడొచ్చు. 2017 హార్వీ వరదలో హ్యూస్టన్ చుట్టుపక్కల లెక్కలేనన్ని బండ్లు మునిగాయి. ఈ తరం కార్వెట్ నేల పలకలో బాల్సా చెక్క పొర ఉంటుంది, తడి చేరితే పాడవుతుంది. కార్పెట్ అంచు ఎత్తి వాసన చూడండి, సీటు బోల్టులకి తుప్పుందేమో చూడండి. డబ్బు ఇచ్చేటప్పుడు అమ్మేవాళ్లతో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకే వెళ్లి టైటిల్ మార్పించుకుంటే తర్వాత టోల్ బిల్లులు ఎవరివన్న టెన్షన్ ఉండదు. పన్ను 6.25 శాతం, 29 వేలకి 1,812 డాలర్లు. మరీ తక్కువ ధర రాస్తే రాష్ట్రం తన దగ్గరున్న అంచనా విలువలో 80 శాతం మీద వసూలు చేస్తుంది.

పాప విషయం మీ ఆవిడ అడక్కముందే చెప్తున్నాను. రెండే సీట్లు, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా. 13 ఏళ్లు నిండేదాకా పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలని ఇక్కడి భద్రతా సంస్థ సలహా. ఈ బండికి వెనక సీటే లేదు. పాపని స్కూల్లో దింపడానికి దీన్ని వాడొద్దు. పెద్దవాళ్లు ఎక్కేటప్పుడు ముందు సీటుని పూర్తిగా వెనక్కి జరిపి, పక్కకి తిరిగి కూర్చుని, ఆ తర్వాత కాళ్లు లోపలికి తీసుకోమనండి. మోకాళ్ల నొప్పులున్నా అలా ఎక్కగలరు.

29 వేలకి బేరం మొదలుపెట్టే ముందు బ్యాంకులో ఇంకో 3 వేలు ఈ బండి కోసమే విడిగా పెట్టండి. మొదటి ఏడాది టైర్లకో, బ్యాటరీకో, బ్యాలెన్సర్‌కో ఖర్చవుతాయి. ఇన్సూరెన్స్ కొటేషన్ వీఐఎన్‌తో ముందే తీసుకోండి. ఈ వారం అమ్మే మనిషికి ఫోన్ చేసి నాలుగు అడగండి: ఎన్నేళ్లుగా మీ దగ్గరుంది, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఇంజిన్‌కి ఏమైనా మార్పులు చేశారా, కార్వెట్ తెలిసిన షాపులో నా ఖర్చుతో చూపించడానికి ఒప్పుకుంటారా. చివరిదానికి కాదంటే ఫోన్ పెట్టేసి తర్వాతి 2008–2013 ప్రకటన తెరవండి.